నారింజ రంగు మీద నా ఫిర్యాదు

గృహస్థుడికి ఇంట్లో ఎలాగూ స్వాతంత్ర్యం లేదు. కనీసం గోదావరి మీదైనా చొక్కా గుండీ విప్పుకుని గాలి పీల్చుకుందామంటే లైఫ్ జాకెట్ అడ్డొచ్చింది. పాపికొండల బోటెక్కగానే ఓ కుర్రాడు అందరి మెడలోనూ అది తగిలించుకుంటూ వచ్చాడు. దండ వేస్తున్నాడనుకుని మా తోడల్లుడు తల కూడా వంచాడు.

మొదటి అభియోగం రంగు. మా ఆవిడ ఊరంతా తిరిగి కొన్న ఉప్పాడ చీర ఆ నారింజ రంగు కింద పడి సోదిలోకి లేకుండా పోయింది. వరద నీటిలో దూరానికి కనబడాలనే ఆ రంగట. చీర కనబడక్కర్లేదు కాబోలు! ఇక వాసన. నాకు ముందు తొడుక్కున్నాయన పులిహోర తిన్నాడని ఏ పరిశోధనా లేకుండానే తెలిసిపోయింది. నా పొట్ట నా సొంత విషయం. దాన్ని నలుగురి ముందూ పెట్టింది ఆ బెల్టు.

రేవులో తనిఖీ వాళ్లు కనబడినంతసేపూ మా వాళ్లు బుద్ధిమంతులే. బోటు మలుపు తిరిగిందో లేదో, జాకెట్ బావమరిదికి దిండయింది, అత్తగారికి పీటయింది. భోజనాల వేళకి బోటంతా విప్పేసింది. "నాకు ఈత వచ్చు బావా" అన్నాడు బావమరిది. ఊరి చెరువులో గేదె తోక పట్టుకుని నేర్చిన ఈత అది. గేదె ఈసారి మాతో రాలేదు.

ఇదే దారిలో, 2019 సెప్టెంబరు 15న, కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో బోటు మునిగింది. ఎక్కినవాళ్లు 77 మంది. బయటపడ్డవాళ్లు 26 మంది. జాకెట్లు విప్పేసినవాళ్లున్నారని బతికొచ్చినవాళ్లే చెప్పారు.

మనిషి నీళ్లలో దాదాపు తేలే సరుకే. తల పైకి నిలవడానికి పెద్దవాళ్లకి మూడు నుంచి అయిదు కిలోల అదనపు ఊతం చాలు. ఒకప్పుడు జాకెట్‌లో ఆ ఊతం బూరుగు జాతి దూది ఇచ్చేది, ఇప్పుడు నీళ్లు పీల్చని ఫోమ్ ఇస్తోంది. కాకపోతే జాకెట్‌కో మొండితనం: ముందే ఒంటి మీద ఉండాలంటుంది. బోటు ఒరిగాక సీటు కింద తడిమి, చేతులు దూర్చి, బకిల్ పెట్టుకునే తీరిక ఎవరిస్తారు? రేకుకి తల కొట్టుకుంటే గజ ఈతగాడికీ ఈత గుర్తుండదు. వదులుగా వేసుకున్నా ఫలం లేదు. జాకెట్ పైకి తేలుతుంది, మనిషి కిందికి జారతాడు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి, గడ్డం దాటిందంటే బిగించాలి. పెద్దవాళ్లది పిల్లలకి చుట్టేసి చేతులు దులుపుకోవడం మరీ అన్యాయం.

నా ఫిర్యాదుల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోను. రంగు దరిద్రమే, వాసన అంతకన్నా. బోటు యజమానులు జాకెట్లని కడిగి నీడన ఆరబెట్టాలి, తెగిన బెల్టులు మార్చాలి, పిల్లల సైజులు విడిగా ఉంచాలి. అందాకా ముక్కు మూసుకోండి గానీ, రేవులో దిగేదాకా బకిల్ విప్పకండి.