బెర్లినే నీకు అలవాటు పడుతుంది

ముందీ మాట బుర్రలో పెట్టుకో తమ్ముడూ. బెర్లిన్‌కి నువ్వు అలవాటు పడక్కర్లేదు, బెర్లినే నీకు అలవాటు పడుతుంది. కాస్త టైమ్ ఇవ్వాలంతే.

ఇంట్లో దిగిన రెండు వారాల్లో అడ్రసు నమోదు చేయించుకోవాలని, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారని అందరూ భయపెడతారు. దానికి అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం, పైగా ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. "రూమ్ ఇస్తా గానీ కాగితం ఇవ్వను" అనే ఓనరు తగిలితే వెంటనే అడ్వాన్సు కట్టెయ్, అంత మొహమాటం లేని మనిషి మళ్లీ దొరకడు. నమోదు లేకపోతే టాక్స్ నంబరు రాదు. నంబరు ఇవ్వకపోతే కంపెనీవాళ్లు ఆరో తరగతి కింద, అంటే అన్నిట్లోకీ ఎక్కువగా, పన్ను కోస్తారు. కోయనీ. జీతం స్లిప్పులో పై అంకె మాత్రం ఫొటో తీసి నాన్నకి పంపు.

ఇక పోస్టు డబ్బా. ఇక్కడ చాలా ఇళ్లకి ఫ్లాట్ నంబరంటూ ఉండదు. పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తాడు, పేరు కనపడకపోతే వెనక్కి పంపేస్తాడు. నువ్వు మాత్రం పాత అద్దెదారు పేరే ఉండనీ. ఎలాగూ నీ ఇంటిపేరూ తాతగారి పేరూ ఏడుకొండలవాడి పేరూ కలిపితే ఆ బెత్తెడు రేకు మీద పట్టవు. బ్యాంకు కార్డు ఒక రోజు, దాని పిన్ను మరో రోజు, ఇన్సూరెన్సు కార్డు ఇంకో రోజు వస్తాయి. అన్నీ తిరిగెళ్లిపోతే నీకు చదివే పని తప్పుతుంది. పొరపాటున పేరు అంటించావే అనుకో, పసుపు కవరు వస్తే ముట్టుకోకు. పసుపు శుభం, అలా ఉండనీ. వేసిన తేదీ కవరు మీదే రాసిపోతారు. గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది, నువ్వు విప్పినా విప్పకపోయినా. మరి విప్పి బాధపడటం దేనికి?

నెలకి 18.36 యూరోల ప్రసార రుసుము కట్టమని ఉత్తరం వస్తే "మాకు టీవీ లేదు" అని జవాబు రాయి. టీవీ ఉన్నా లేకున్నా ఇంటికింత అని వాళ్ల లెక్క. వాళ్లూ మళ్లీ రాస్తారు. కాలక్షేపం.

శనివారం హాయిగా నిద్రపో, సరుకులు ఆదివారం తెచ్చుకోవచ్చు. ఆదివారం విశ్రాంతి దినమని 1919 నాటి వైమార్ రాజ్యాంగం 139వ అధికరణంలో రాసుకున్నారట, ఇప్పటి రాజ్యాంగమూ దాన్ని అలాగే ఉంచింది. వందేళ్ల కిందటి కాగితం కోసం నువ్వు పాలు లేకుండా కూర్చుంటావా? పెద్ద రైల్వే స్టేషన్లో సూపర్‌మార్కెట్ తెరిచే ఉంటుంది. శనివారం నిద్రపోయినవాళ్లంతా అక్కడే క్యూలో కనపడతారు. తిరిగొచ్చి ఆ పూటే మిక్సీలో గోంగూర పచ్చడి తిప్పు, దేవుడి పటానికి గోడలో డ్రిల్లు వెయ్, ఖాళీ సీసాలు వీధి చివర గాజు డబ్బాలో ఒక్కొక్కటే భళ్లుమనిపించు. కింది వాటా పెద్దావిడ మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టిందంటే పచ్చడి వాసనకే. ఒక గిన్నె చేతిలో పెట్టు.

చలికాలంలో కిటికీ తెరిచావా, చచ్చావే. ఇక్కడివాళ్లు గడ్డకట్టే చలిలో కూడా రోజుకి రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి, ఐదు పది నిమిషాలుంచి మూస్తారు. హీటర్ డబ్బులు గాల్లో పోసేవాళ్లని చూసి మనం నేర్చుకునేదేంటి? నువ్వు కుక్కరు పెట్టు, పప్పుచారు మరిగించు, తడిబట్టలు గదిలోనే ఆరెయ్. ఫిబ్రవరి కల్లా బీరువా వెనక గోడకి నల్లటి బూజు చుక్కలు పడతాయి. బీరువా జరపకు. మూణ్నెల్ల అద్దె డిపాజిట్‌గా కట్టింది ఎందుకు మరి?

మెట్రోలో గేట్లుండవు కాబట్టి ఫ్రీ అనే అర్థం. మామూలు జీన్సు వేసుకున్న మనిషి పక్కన నిలబడి కార్డు చూపిస్తే 60 యూరోలు.

జర్మన్ నేర్చుకోకు. అర్థంకాని ఉత్తరం వస్తే ఫొటో తీసి మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టు. ఉత్తరం చదవకుండానే అందరూ సలహా చెప్తారు. వాళ్లలో అందరికంటే గట్టిగా చెప్పేవాడి మాట పట్టుకో. సాధారణంగా అది నేనే.