కాల్షియం నార్మల్, ఎముక గుల్ల

శ్రీకాళహస్తి వాయులింగ క్షేత్రం; అక్కడ మోకాలు పట్టేసినా, నడుము వంగినా నేరాన్ని వాతం మీదికి నెట్టి ఊరుకున్న కాలం పోయి, రక్తంలో కాల్షియం తొమ్మిదిన్నర ఉంది గనుక ఎముకలు ఉక్కుకడ్డీలేనని తీర్పు చెప్పుకునే కాలం వచ్చింది. ఈ తీర్పు కంటే వాతమే నయం, అది కనీసం నొప్పి ఉన్నదని ఒప్పుకునేది.

పెద్దవారి ఒంట్లో ఉండే సుమారు 1 కిలో కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనూ పళ్లలోనూ ఉండగా, నెత్తురులోని ద్రవభాగమంతా గాలించినా దొరికేది గ్రాములో మూడోవంతు మాత్రమే. ఆ చిటికెడు తగ్గితే వేళ్లు కొంకర్లు పోతాయి, గుండె లయ తప్పుతుంది. అందుకే మెడలో థైరాయిడ్ వెనుక నక్కి ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు దానిని డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలపడానికి అహోరాత్రాలు కాపలా కాస్తాయి. అంకె కాస్త జారగానే అవి వదిలే హార్మోన్ మూత్రపిండాలను కాల్షియం పారబోయవద్దని కట్టడి చేస్తుంది, విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్పించి పేగుల చేత తిండిలోని కాల్షియాన్ని పీల్పిస్తుంది, ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులనే కణాలను పనికి పురమాయిస్తుంది. తిండిలోనే లేనప్పుడు లోటంతా ఎముక మీదే పడుతుంది. ఇంట్లో నగలు ఒక్కొక్కటే తాకట్టుకు పోతున్నా వీధిలో పట్టుచీర మడత నలగనివ్వని కుటుంబం వంటిది ఈ వ్యవహారం. రక్తపరీక్ష ఆ చీరను చూసి ఆస్తి లెక్కగడుతుంది.

పొరుగునున్న తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనం రోగులను కాక ఆరోగ్యవంతులనే పరిశీలించి, పట్నంలోనూ పల్లెల్లోనూ తిండిలో కాల్షియం తక్కువనీ, ధాన్యాల్లో ఉండి పేగులో దానిని బిగించి పట్టేసే ఫైటేట్లు ఎక్కువనీ, విటమిన్ డి కొరత విస్తారమనీ తేల్చింది. ఎండకు కరువులేని సీమలో ఈ కొరత! రాహుకేతు పూజలకు పేరుపడిన శ్రీకాళహస్తిలో రాహువు సూర్యుణ్ణి మింగేది ఏ రెండు మూడు గంటలో గాని, నీడపట్టు బతుకులు మింగేది ఏడాది పొడుగునా.

కాల్షియం పరీక్షకు విలువ లేకపోలేదు. పారాథైరాయిడ్‌లో గడ్డ పుట్టి అంకె పెరిగితే అదే పట్టిస్తుంది. ఎముక దిట్టదనాన్ని కొలిచేది మాత్రం డెక్సా అనే ఎక్స్‌రే పరీక్ష. ఎముక గుల్లబారే ఆస్టియోపోరోసిస్‌లో తుంటి విరిగి మంచాన పడిన అవ్వకు కూడా రక్తంలో కాల్షియం సాధారణంగా నార్మల్‌గానే వస్తుంది గనుక, ఆ కాగితాన్ని విరిగిన ఎముక ఎక్స్‌రే పక్కనే ఫైల్లో నిక్షేపంగా భద్రపరుచుకోవచ్చు.