వాయిదాకొక విద్య

2024 మే 6న కేప్ కెనావరాల్‌లో ఇద్దరు వ్యోమగాములు బోయింగ్ వారి స్టార్‌లైనర్ నౌకలో బెల్టులు బిగించుకుని కూర్చున్నాక, అట్లాస్-5 రాకెట్టు పై అంచెలో ద్రవ ఆక్సిజన్ ట్యాంకు పీడనాన్ని అదుపులో ఉంచే కవాటం, అనగా వాల్వు, టకటకా కొట్టుకోవడంతో ప్రయోగం ఆగిపోగా, అంతవరకు ఇంట్లో కారుతున్న కుళాయి జోలికైనా పోని అంతరిక్షాభిమానులు సైతం తెల్లవారేసరికి కవాటశాస్త్ర నిష్ణాతులయ్యారు. ఆపై థ్రస్టర్లకు, అంటే నౌక గమనాన్ని సవరించే చిన్న ఇంజన్లకు, ఇంధనాన్ని నెట్టే హీలియం వాయువు లీకవుతున్నదని తెలిసి, ఆ శాఖలోనూ పట్టభద్రులయ్యారు. జూన్ 1న మరో 3 నిమిషాల 50 సెకన్లలో లేస్తుందనగా నేలమీది కంప్యూటరుకు కరెంటు అందించే భాగమొకటి మొరాయించింది. ఈ ఒక్క రోగాన్ని మాత్రం తెలుగువారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. జూన్ 5న నౌక నిజంగానే లేచిపోయేసరికి, వాయిదాకొక విద్య చొప్పున గడించినవారికి ఆనందంతోపాటు కొంత నిరుద్యోగం కూడా ప్రాప్తించింది. అయితే సుమారు ఎనిమిది రోజులకని వెళ్లిన వ్యోమగాములను అంతరిక్ష కేంద్రంలోనే వదిలి సెప్టెంబరులో నౌక ఖాళీగా దిగిరావడంతో, వారు భూమికి తిరిగొచ్చిన 2025 మార్చి 18 దాకా అభిమానులకు సరిపడా సిలబస్ దొరికింది.