కొత్త కండక్టరమ్మకు అందే తప్పుడు సలహాలు

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) డిపోల్లో కొత్తగా సంచి తగిలించుకున్న కండక్టరుకు మొదటి వారం నుంచే సలహాలు మొదలవుతాయి. చెప్పేవాళ్లు మంచివాళ్లే. తాము పడ్డ కష్టం మనం పడొద్దనే చెప్తారు. నాకూ చెప్పారు, నేనూ విన్నాను, తర్వాత వచ్చిన పిల్లలకు నేనే అప్పజెప్పాను. అందుకే ఇది రాస్తున్నాను. కింది మాటలు ఎవరు చెప్పినా వినకండి.

"నీళ్లు తక్కువ తాగు చెల్లె, దారిల తిప్పలు పడవు."

అన్నిటికన్నా ముందు దీన్ని వదిలేయండి. పొద్దున నాలుగున్నరకు ఇంట్లో ఒక చాయ్, మధ్యాహ్నం దాకా నాలుగు గుక్కల నీళ్లు, ఇదే నా లెక్కగా ఉండేది. పల్లె వెలుగు బస్సు తిరిగే చాలా ఊళ్లలో చివరి స్టేజీ అంటే ఒక వేపచెట్టు, ఒక కిరాణా కొట్టు. డ్రైవరన్న చెట్టు చాటుకు పోయి వస్తాడు. మనకు ఆ చాటు చాలదు. నీళ్లు మానేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ మే నెలలో ఈ జిల్లాల్లో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, బస్సులో ఇంజను వేడి దానికి తోడు. అట్లా రెండు ఎండాకాలాలు గడిపాక నాకు మూత్రంలో మంట, చలిజ్వరం పట్టుకున్నాయి. మూడో ఏడు కిడ్నీలో రాయి బయటపడింది. "నీళ్లు తాగుతలేవా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే సిగ్గుతో తల దించుకున్నాను. సిగ్గుపడాల్సింది నేను కాదు.

ఇంటి నుంచి రెండు లీటర్ల సీసా తెచ్చుకోండి. మర్రిగూడ వైపు డ్యూటీ పడినవాళ్లు దారిలో పాత బోరింగు నీళ్లు మాత్రం తాగకండి, ఫ్లోరైడు అక్కడ ఎన్ని ఇళ్లలో ఎముకలు వంచిందో మనకు తెలుసు. బస్సు తిరిగే చోట బాత్రూం కోసం ఏదో ఒక ఇంటి తలుపు కొట్టండి. నేను అడిగిన ఏ ఇల్లాలూ కాదనలేదు. అడగడానికే నాకు ఐదేళ్లు పట్టింది.

ఇంకో మాట ఈ మధ్య పుట్టింది: "పైసలు రాని టికెట్ కొట్టకుంటే ఏమైతది?" 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు కానీ జీరో టికెట్ ఉంది. అంగడి రోజు నిండిన బస్సులో ఒక్కొక్కరి ఆధార్ చూసి టికెట్ కొట్టేసరికి రెండు స్టేజీలు దాటిపోతాయి, భుజాలు పడిపోతాయి. ఆ అలసటలో ఈ సలహా తియ్యగా ఉంటుంది. అయితే ఆ సున్నా ప్రయాణికురాలికే. సర్కారు ఆర్టీసీకి కట్టే డబ్బు ఆ టికెట్ల లెక్క మీదే. నూరు మందిని మోసిన ట్రిప్పు కాగితం మీద నలభై మందిదైతే, రేపు ఆ రూటుకు ఇంకో బస్సు వేయమని ఏం చూపించి అడుగుతాం? బస్సు పక్కకు ఆపించి, అందరికీ కొట్టాకే రైట్ చెప్పండి. ఆలస్యమైతే కానివ్వండి.

కర్నూలు బస్సెక్కే అమ్మలకు పథకం రాష్ట్రం దాటితే వర్తించదు. పుల్లూరు దాటి తుంగభద్ర వంతెన మీదికి పోవాలంటే టికెట్ తీసుకోవాలి. "హద్దు కాడ చూసుకుందాంలే" అని ఊరుకోకండి. మహబూబ్‌నగర్‌లో ఎక్కేటప్పుడే చెప్తే "సరే బిడ్డా" అంటారు. కొంగున ఇరవై రూపాయలు లేని ముసలమ్మకు ఆ మాట హద్దు దగ్గర చెప్పడం క్రూరం.

ముసలోళ్లు మరిచిపోయిన చిల్లర నీదేనని కూడా ఎవరో అంటారు. టికెట్ వెనక రాసిన ప్రతి రూపాయీ వాళ్లది. దిగేముందు మీరే పిలిచి చేతిలో పెట్టండి.

"డబుల్ డ్యూటీ కొట్టు, ఇల్లు గడుస్తది" అన్నది ఆడవాళ్లకన్నా డ్రైవరన్నలకు ఎక్కువ వినిపిస్తుంది. మోటారు కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని 1961లోనే చట్టం రాసుకున్నారు. ఊరికే రాసుకోలేదు. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాటు మలుపుల్లో డ్రైవరు రెప్ప వాలితే వెనకున్న వాళ్లందరి బతుకు ఆ రెప్ప మీదే. "అలిసిన" అని అతనంటే మాటలు చెప్పి మేల్కొల్పకండి, బస్సు ఆపించండి.

"డిపో సంగతులు ఇంట్ల చెప్పకు" అనేది చివరిది. 2019 అక్టోబర్ 5 నుంచి 52 రోజులు సమ్మె చేశాం. సెప్టెంబర్ జీతం కూడా చేతికి రాలేదు. ఆ రోజుల్లో ప్రాణాలు తీసుకున్న తోటివాళ్లున్నారు. నేను ఇంట్లో ఏదీ దాచలేదు. మా అత్తమ్మ పింఛను డబ్బు తెచ్చి ఉప్పు, పప్పు కొన్నది. చెప్పండి. ఇంట్లో వినేవాళ్లు లేకపోతే 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

ఇది చదివే ఊరివాళ్లకు ఒక్క మాట. మీ ఊళ్లో బస్సు తిరిగే స్టేజీ ఉంటే, అక్కడ దిగి నిలబడ్డ కండక్టరమ్మను "బాత్రూంకు పోతవా అమ్మా?" అని మీరే అడగండి.