ఉస్మానియా బిస్కెట్టు, ఒత్తిడి నివారణ

ఒత్తిడి తగ్గాలంటే రోజూ నడవాలనీ, నిదానంగా ఊపిరి పీల్చి వదలాలనీ, టీ మానెయ్యాలనీ తెల్లవారకముందే ఫోనులో ఉపదేశించే హితైషులలో ఏ ఒక్కరూ సాయంత్రం ఆరింటికి హైదరాబాదు పాతబస్తీలోని పత్తర్‌గట్టిలో నడిచి చూసినవారు కారనడానికి పరిశోధన అక్కర్లేదు. నిమిషానికి సుమారు ఆరుసార్లు చొప్పున శ్వాసిస్తే వేగస్ నాడి, అనగా మెదడు నుంచి పొట్ట దాకా దిగి గుండె దూకుడును తగ్గించే నాడి, చురుకవుతుందన్నది నిజమే గాని, మదీనా చౌరస్తాలో ఆ ఆరు శ్వాసలతో లోపలికి పోయేదేమిటో ఉపదేశకులు చెప్పరు. 1936లో ఒత్తిడి పరిశోధకుడు హాన్స్ సెల్యే ఎలుకలను చలికీ గాయాలకీ గురిచేసి, బాధ ఏదైనా శరీరం స్పందించే తీరు ఒక్కటేనని ప్రకటించాడు. వాటిని చార్మినార్ దగ్గర ఆటో బేరమాడటానికి పంపి ఉంటే ఆయనకు ప్రయోగశాల ఖర్చు మిగిలేది.

ఇక టీ మానడమన్నది పాతబస్తీలో చర్చకు రాని విషయం. డికాషనును మూతపెట్టిన గిన్నెలో విడిగా మరిగించి, చిక్కగా కాచిన పాలను కప్పులోనే కలిపే ఇరానీ చాయ్‌కి ఉస్మానియా బిస్కెట్టు, అంటే తీపిలో కాస్త ఉప్పు తగిలే గుల్ల బిస్కెట్టు, తోడుండాలి. దానిని ముంచడం తేలిక అనుకునేవారు ముంచనివారే. తొందరపడితే లోపల పొడిగానే ఉంటుంది. క్షణం ఆలస్యమైతే వేడికి చక్కెర కరిగి, పిండి తడి పీల్చి, సగం ముక్క అడుగుకు చేరుతుంది, చెంచా అడిగితే పరువు పోతుంది. అంచు మాత్రమే తడిపేవారు పిరికివారని సగం దాకా ముంచేవారూ, సగం దాకా ముంచేవారు దుబారా మనుషులని అంచువారూ తలపోస్తారు. సాసర్లో పోసుకునేవారిని ఇరుపక్షాలూ లెక్కచేయవు. కెఫీన్ నిద్ర చెడగొడుతుందన్న వైద్యుల మాట కాదనలేనిదే అయినా, బిస్కెట్టు మునిగి ఉన్నంతసేపు ఎవరికీ బ్యాంకు వాయిదా గుర్తుకు రాదు. ఏకాగ్రత పేరిట రుసుము కట్టించుకుని నేర్పే విద్య ఇంతకన్నా ఏం చేస్తుందో తెలియదు.

అయితే ఆ ఉపశమనమంతా టీ చలవేనా అన్నది అనుమానమే. ఒకప్పుడు ఇరానీ హోటళ్లలో పాలరాతి బల్ల దగ్గర ఒక్క చాయ్ చెప్పి, వన్ బై టూ చేసుకుని, ఇద్దరు గంటసేపు కూర్చున్నా లేవమనేవారు ఉండేవారు కారు. ఏ పనీ లేకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా కూర్చునే చోటు బీదవాడికి నగరంలో అంత చవకగా మరెక్కడా దొరికేది కాదు. ఇప్పుడు చాలాచోట్ల టోకెన్ తీసుకుని నిలబడే తాగాలి, వెనుక మరొకరు కప్పు పట్టుకుని చోటు కోసం చూస్తుంటారు కనుక బిస్కెట్టును కూడా గబగబా ముంచి తీయవలసి వస్తోంది.