మా తోడల్లుడి వీపు మీద సంసారం

మస్కట్‌లో ఎండ తగ్గి చలిగాలి మొదలైతే చాలు, శుక్రవారం తెల్లవారకముందే రూవీలో మనవాళ్ళు కార్లెక్కేస్తారు. కొండలకో, ఇక్కడ వాడీ అని పిలిచే వాగు లోయలకో పరుగు. ఎవరెలాంటివారో తెలుసుకోవాలంటే డిక్కీలో బ్యాగులు చూడాలి. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడి బ్యాగులో అరలీటరు నీళ్ళు, రెండు పవర్ బ్యాంకులు. ఫోను దాహం అతను తీరుస్తాడు, అతని దాహం మనం తీర్చాలి. ఇంకొకాయన ఎవరెస్టుకు సరిపోయే బ్యాగు కొన్నాడు. ఫొటోకు తప్ప దాన్ని కిందికి దించితే ఒట్టు.

మా తోడల్లుడిగారి బ్యాగులో ఉన్నవి అరలు కావు, ప్రభుత్వ శాఖలు. వైద్య శాఖలో అమృతాంజనం, ఓఆర్‌ఎస్, దూది, వాము పొట్లం. ఆహార శాఖలో పులిహోర, పెరుగన్నం, ఒక కవరులో మాగాయ సీసా, ఆ కవరు ఇంకో కవరులో. హోం శాఖలో అందరి పాస్‌పోర్టుల జిరాక్సులు. కొండ మీద పాస్‌పోర్టు ఎవరడుగుతారండీ అంటే "ఎందుకైనా మంచిది తమ్ముడూ" అంటారు. గొడుగూ అందుకే. ఎక్కడో కొండల్లో కురిసిన వానకు ఎండిన వాడీలోకి ఉన్నట్టుండి వరద దూకే మాట నిజమే. కానీ ఆ వరదకు గొడుగు అడ్డం పెడతారా?

ఒకసారి జెబెల్ షమ్స్ కొండ మీద, అల్ ఖితైమ్ ఊరి నుంచి బాల్కనీ అనే నడకదారి పట్టాం. ఒక పక్క కొండ, రెండో పక్క దాదాపు వెయ్యి మీటర్ల లోయ. మేమంతా నోళ్ళు వెళ్ళబెట్టి లోయలోకి చూస్తుంటే, ఆయన రాళ్ళ మీది ఎరుపు, తెలుపు, పసుపు గుర్తులు దాటుకుంటూ విస్తరి వేయడానికి చదునైన బండ వెతుక్కున్నారు. అక్కడి మేకలకు మొహమాటం తెలియదు. డబ్బా మూత తీసీ తీయగానే చుట్టుముట్టాయి. ఆయన గొడుగు ఠక్కున తెరిచారు. మేకలు చెల్లాచెదురు. "గొడుగెందుకన్నావు?" అని అప్పటినుంచి ప్రతి పెళ్ళిలో, పేరంటంలో అడుగుతూనే ఉన్నారు.

నా బ్యాగును మాత్రం రెండు వేళ్ళతో ఎత్తి మా వదినకు చూపిస్తారు. తేలిగ్గానే ఉంటుంది మరి. ఆయనుండగా నేనెందుకు మోయాలి?

అసలు చిక్కు వాడీ షాబ్‌లో. పడవలో రేవు దాటి, ముప్పావుగంట నడిచాక, దారి నీళ్ళలో కలిసిపోతుంది. అక్కణ్ణించి ఈతే. చివర తల పట్టేంత సందులోంచి దూరితే గుహ, లోపల జలపాతం. బ్యాగులు ఒడ్డునే వదలాలి. ఆయన వదలరు. అందరి తాళాలు, పర్సులు, కళ్ళజోళ్ళు తీసుకుని బండ మీద కూర్చుంటారు. ఆ జలపాతాన్ని ఇంతవరకు చూడలేదు. "వీడియో తీసుకురండి" అంటారు. ఫోన్లన్నీ ఆయన దగ్గరే!

వణుకుతూ ఒడ్డెక్కితే తువ్వాళ్ళు, ఫ్లాస్కులో అల్లం టీ సిద్ధం. ఒక్కో గుక్కకూ ఒక్కో చీవాటు.

మొన్న నాకే జాలేసింది. "బ్యాగు నేను చూస్తాను, మీరు వెళ్ళిరండి" అన్నాను. ఒప్పుకున్నారు. చొక్కా విప్పి, మోకాళ్ళలోతు దాకా దిగి, వెనక్కి చూసి, గబగబా ఒడ్డెక్కారు.

"జిప్పు సగమే వేశావు తమ్ముడూ!"