శ్వాసకోశ సంజీవని: ఒక గైడు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: మానవుని ఊపిరితిత్తుల యందలి కణజాలములు వాయు మార్పిడికి అత్యంత అనుకూలముగా నిర్మింపబడియున్నవి.

ఈ వాక్యం ఏ మహానుభావుడి కృతో తెలియదు. ఒక గైడులోంచి ఇంకో గైడులోకి, అక్కణ్ణించి ట్యూషన్ నోట్సులోకి, నోట్సులోంచి జవాబు పత్రంలోకి పొల్లు పోకుండా నడుస్తోంది. రాసిన పిల్లకు మార్కు దక్కుతుంది. దిద్దే మాస్టారికి టిక్కు పెట్టడం తప్ప వేరే శ్రమ ఉండదు. వేదం తర్వాత ఇంత శ్రద్ధగా వల్లె వేస్తున్నది తెలుగునాట ఇదే కావచ్చు. వేదానికి సాయణుడు దొరికాడు, దీనికి ఎవరూ దొరకలేదు. ఆ లోటు తీర్చడానికి ఒక వ్యాఖ్యాత నడుం కట్టాడు.

మెదక్ సీమకు చెందిన కోలాచల మల్లినాథ సూరి, కాళిదాసుకు సంజీవని రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేశాడు. మన వ్యాఖ్యాత కూడా అదే ప్రతిజ్ఞ చేయబోయి మొదటి భాగం దగ్గరే ఆగిపోయాడు. మూలంలో ఉన్నదే రాయాలంటే రాయడానికి ఏమీ లేదు. అవసరం లేనిది చెప్పకూడదంటే ముందు మూలాన్నే కొట్టేయాలి.

మానవుడంటే ఎవరు, ఊపిరితిత్తులు ఎక్కడుంటాయి వంటి సులభార్థాలను ఆయన వదిలేశాడు. అవి తెలియనివాడు ఈ శాస్త్రానికి అధికారి కాడు. నేరుగా ‘అత్యంత అనుకూలముగా’ అన్నచోట కూర్చున్నాడు. ఎలా అనుకూలం? ఏది ఎక్కడుంటే అనుకూలం? దీనికి మూలకర్త మౌనం వహించాడు కనుక, వ్యాఖ్యాత గొంతులోంచి కిందికి దిగాడు.

వాయునాళం గోడలో పదహారు నుంచి ఇరవై దాకా మృదులాస్థి వలయాలుంటాయి. పేరుకు వలయాలే గాని పూర్తిగా చుట్టి ఉండవు. ఇంగ్లిషు సీ అక్షరంలా వెనకవైపు తెరిచి ఉంటాయి. ఆ ఖాళీని నునుపు కండరం మూస్తుంది. ఇక్కడ పూర్వపక్షి లేచాడు: చుట్టూ మృదులాస్థే ఉంటే ఇంకా గట్టిగా ఉండేది కదా? సిద్ధాంతం: వెనకనే అన్నవాహిక ఉంది. ఆవకాయ ముద్ద దిగేటప్పుడు అది ముందుకు ఉబ్బాలి. ముందువైపు గట్టిదనం గొట్టాన్ని ముడుచుకుపోనివ్వదు, వెనకవైపు మెత్తదనం ముద్దకు దారి ఇస్తుంది. ఈ ఒక్క ముక్క గైడులో ఉంటే మిగతా పేజీ లేకపోయినా వ్యాఖ్యాత క్షమించేవాడు.

లోపలి పొర మిథ్యాస్తరిత ఉపకళ. పేరులోనే మిథ్య ఉన్నా గైడు బొమ్మలో మాత్రం నిజంగానే రెండు మూడు వరుసలు గీస్తారు. అసలు అక్కడున్నది ఒకే వరుస. ప్రతి కణం కిందనున్న ఆధారత్వచం మీదనే నిలబడుతుంది. కొన్ని పైదాకా పెరుగుతాయి, కొన్ని పెరగవు. కేంద్రకాలు తలా ఒక ఎత్తులో ఉండటం వల్ల వరుసల భ్రాంతి కలుగుతుంది. గాబ్లెట్ కణాలు శ్లేష్మం ఊరిస్తాయి, దుమ్ము దానికి అంటుకుంటుంది. మిగతావాటిలో చాలా కణాల మీది శైలికలు సెకనుకు పదీ ఇరవైసార్లు కొట్టుకుంటూ ఆ జిగటను గొంతువైపు నెడతాయి. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తాం. పొగతాగేవాడికి ఈ శైలికలు చచ్చుపడతాయి, కొన్నాళ్లకు రాలిపోతాయి. తెల్లవారగానే ఆయన ఇంటిల్లిపాదినీ లేపే దగ్గు, వాటి పని తన భుజాన వేసుకుని చేసే దగ్గు. గైడు ప్రకారం ఆయన కణజాలములు కూడా అత్యంత అనుకూలముగానే ఉన్నవి.

శ్వాసనాళికల్లో మృదులాస్థి ఉండదు, నునుపు కండరం ఉంటుంది. అది బిగుసుకుంటే ఉబ్బసం. ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసం పోతుందని మింగే చేపప్రసాదం కోసం వేలమంది బారులు తీరతారు. చేప వెళ్లేది వెనక గొట్టంలోకి, బిగుసుకున్నది ముందు గొట్టపు కొమ్మలు. ఈ రెండు గొట్టాల సంగతి పిల్లలకు పటంలో చూపించాం, వాక్యంలో చెప్పలేదు.

ఇక వాయుగోణులు. అసలు వాయు మార్పిడి ఇక్కడే. గైడులో ఈ చోటికి వచ్చేసరికి మూలకర్తకు ఒక్కసారి కవిత్వం పొంగి, వాటన్నిటినీ పరిస్తే టెన్నిస్ కోర్టంత వైశాల్యమని ఉపమ వేశాడు. వ్యాఖ్యాత కోపం పట్టలేక టేపు తీశాడు. డబుల్స్ టెన్నిస్ కోర్టు 23.77 మీటర్ల పొడవు, 10.97 మీటర్ల వెడల్పు. అంటే దాదాపు 261 చదరపు మీటర్లు. వాయుగోణుల వైశాల్యం పాఠ్యపుస్తకాల్లో 70 చదరపు మీటర్లు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో సన్నటి మడతలను కూడా కొలిస్తే 130 దాకా వెళ్తుంది. ఎలా చూసినా ఉపమానం ఉపమేయానికి కనీసం రెట్టింపు. విదేశీ పుస్తకంలో చూసిన కోర్టును ఎవరో కొలవకుండా తెచ్చుకున్నారు. మన ఊళ్లలో ఎంతమంది పిల్లలు టెన్నిస్ కోర్టులో కాలు పెట్టారని కూడా అడగలేదు.

బ్యాడ్మింటన్ కోర్టు ఏం పాపం చేసింది? సింగిల్స్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 5.18 మీటర్ల వెడల్పు. గుణించి చూస్తే 69.4 చదరపు మీటర్లు! పాఠ్యపుస్తకపు 70కి ఇంతకంటే దగ్గరి కోర్టు లోకంలో లేదని వ్యాఖ్యాత అభిప్రాయం. పైగా మనది. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచింది ఈ కొలతల గీతల మధ్యే. పి.వి. సింధు 2017లో గ్లాస్గోలో నొజోమి ఒకుహారాతో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ 110 నిమిషాలు ఆడి ఓడింది, 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాను చిత్తుగా ఓడించి బంగారం తెచ్చింది. ఆ 110 నిమిషాల ఆట గురించి వ్యాఖ్యాత రెండు రాత్రులు మాట్లాడగలడు. సంపాదకులు వారించారు.

వారించినా ఒక మాట మిగిలింది, అది విషయంలోనిదే. తీరికగా కూర్చున్నవాడి ఎర్రరక్తకణం వాయుగోణి పక్కనున్న కేశనాళికలో ముప్పావు సెకను ఉంటుంది. ఆక్సిజన్ నిండటానికి అందులో మూడో వంతు, అంటే పావు సెకను చాలు. ర్యాలీ మధ్యలో గుండె వేగం పెరిగి రక్తం ఉరకలేస్తే కణం ఉండే వ్యవధి కుదించుకుపోతుంది. అయినా నిండుతుంది. ఎందుకంటే గాలికీ రక్తానికీ మధ్య ఉన్న అడ్డు సుమారు అర మైక్రాన్. బల్లపరుపు కణం ఒకటి, కేశనాళిక గోడ కణం ఒకటి, నడుమ రెండిటి ఆధారత్వచాలూ కలిసిపోయిన పొర. అంతే. ‘అత్యంత అనుకూలము’ అన్నదానికి అర్థం ఆ సెకను లెక్కలో ఉంది.

గాలి లోపలికి వెళ్లేటప్పుడు ఆక్సిజన్ 21 శాతం, బయటికి వచ్చేటప్పుడు 16 శాతం దాకా ఇంకా ఉంటుంది. ‘ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాం’ అనే ఉపవాక్యానికి విడిగా వ్యాఖ్య అక్కర్లేదు. అదే నిజమైతే నోటితో ఊపిరి ఊది మునిగినవాణ్ణి బతికించడం ఎవరికీ సాధ్యం కాదు.

వాయుగోణిలో రెండో రకం కణాలున్నాయి. సంఖ్యలో బల్లపరుపువాటికంటే ఎక్కువ, పరుచుకున్న చోటు మాత్రం నూటికి అయిదు వంతులు. పెద్దవాళ్ల ఇళ్లలో వంటవాళ్లలాగా, అని వ్యాఖ్యాత ఉపమ మొదలుపెట్టి, టెన్నిస్ కోర్టు గుర్తొచ్చి కొట్టేశాడు. ఇవి సర్ఫాక్టెంట్‌ను స్రవిస్తాయి. తడి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా కాపాడేది అదే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల ఊపిరి ఎందుకు నిలవదో 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జియర్ మీడ్ తేల్చారు: ఆ ద్రవం చాలకపోవడం. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ రెండు రోజులైనా బతకకుండా పోయింది ఇదే జబ్బుతో. తెలిసింది గాని, బయటినుంచి ఇవ్వడం అప్పటికి రాలేదు. జపాన్ వైద్యుడు ఫుజివారా బృందం దాన్ని పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోసి ఫలితం చూపించింది 1980లో.

చివరిది స్థూలభక్షక కణం. వాయుగోణి లోపల తిరుగుతూ, శైలికలను తప్పించుకొచ్చిన దుమ్మును మింగుతుంది. చాలా దుమ్ములను భరిస్తుంది. పలుగురాయి పొడిని మింగితే మాత్రం తానే చస్తుంది. చచ్చేటప్పుడు వదిలిన రసాయనాలతో మచ్చ కడుతుంది. ఆ పొడి మళ్లీ ఇంకో కణం నోట పడుతుంది. అర మైక్రాన్ గోడ అలా గట్టిపడుతుంది. దాని పేరు సిలికోసిస్. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు దీన్ని ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. క్రషర్ దగ్గర పనిచేసే మనిషి ఆయాసంతో ఆస్పత్రికి వెళ్తే తరచుగా క్షయ అనే రాసిస్తారు. నిజంగానే క్షయ కూడా తోడయ్యే ప్రమాదం వాళ్లకు ఎక్కువ కనుక ఆ రాత పూర్తిగా అబద్ధమనీ అనలేం. తెలియజేయడం మాత్రం జరగదు. ఆయన కూతురు పదో తరగతిలో కణజాలములు అత్యంత అనుకూలముగా నిర్మింపబడియున్నవని రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంటుంది. ఇంట్లో వినిపించే ఆ గురగురకూ తన జవాబుకూ సంబంధం ఉందని ఆమెకు ఎవరు చెప్పారు? మల్లినాథుడి ప్రతిజ్ఞ ఇక్కడ చెడిందని ఎవరైనా అంటే వ్యాఖ్యాత ఒప్పుకోడు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘నిర్మింపబడియున్నవి’కి బదులు ‘నిర్మితమైయుండును’ అని కనబడుతోంది. మార్కులలో భేదం లేదు. పటానికి వేరే మార్కులున్నాయి. గీతలు శుభ్రంగా ఉంటే, అన్నవాహికను వాయునాళానికి ముందు గీసినా ఆ మార్కులు పడుతున్నాయి.